పెళ్ళి టైర్లు

గేటుకు గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. వ్యాను దిగి వచ్చినామె ఆ తాళాన్ని పట్టుకుని రెండుసార్లు గుంజింది. తాళం వేసినవాళ్ళ మీద కోపం తాళం మీద చూపిస్తే తాళానికేం నొప్పి. వెనక వ్యాను ఇంజను గుర్రుమంటూనే ఉంది. ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో అని ఆపలేదు. మిట్టమధ్యాహ్నం మబ్బు పట్టి ఉక్క చంపుతోంది. చీకటితో లేచి వ్యాను నిండా ఆడవాళ్ళను పెట్టెల ఫ్యాక్టరీ దగ్గర దించి, షెడ్డుకు పోయి, అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికొచ్చింది. కడుపులో టీ తప్ప ఇంకేం లేదు.

అందరూ ఆమెను వ్యానక్క అంటారు. ఒకప్పుడు తనూ ఆ ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మడిచినామే. తెల్లారేలోపు లేచి ఆడవాళ్ళ షిఫ్టుకు బండి తోలడానికి మగ డ్రైవర్లు మొహం చాటేస్తుంటే, తమ్ముడు పనిచేసే షెడ్డులో నేర్చుకుని స్టీరింగు పట్టుకుంది. ఆరేళ్ళయింది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. ఏ ట్రిప్పు తప్పినా ఆ రోజు కూలిలో సగం పోతుంది.

ఏడాదికోసారి బండికి పరీక్ష చేయించాలి. మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే ఏ బండికైనా అది తప్పదు. దీపాలు వెలుగుతున్నాయా, బ్రేకులు పడుతున్నాయా, టైర్లలో పస ఉందా అని చూసి, ఉంటే పాసు కాగితం ఇస్తారు. ఈ వ్యాను పాత కాగితం గడువు ఇవాళ్టితో సరి. రేపట్నుంచి ఇది రోడ్డెక్కితే నేరం. పరీక్ష చేసే సెంటరు చూస్తే ఇలా గొలుసు చుట్టుకుని కూర్చుంది.

ఓనరుకు ఫోను చేసింది.

"తాళం వేసుంది సార్. సెంటరు ఎత్తేసినట్టున్నారు."

"ఎత్తేస్తే ఎత్తేశారు. పెద్ద సెంటరుకి పో. అక్కడ మనవాడున్నాడు, నేను చెప్తా."

"అక్కడికి పోయి రావాలంటే రాత్రవుద్ది సార్. సాయంత్రం షిఫ్టు వాళ్ళని ఎవరు ఎక్కించుకుంటారు?"

"నడిచి పోతారు. ఒక్కపూట నడిస్తే కాళ్ళేం అరిగిపోవు."

"అరిగేవి టైర్లే కదా సార్" అంది. అప్పటికే అవతల ఫోను పెట్టేశాడు. పెట్టేశాడని తెలిసే అంది.

రోడ్డుకు అవతల పంక్చర్లు వేసే ముసలాయన పాత టైర్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. తీరిగ్గా నవ్వాడు.

"రోజుకు పదిమంది వస్తారమ్మా. అందరూ తాళం గుంజుతారు, అందరూ ఎవరికో ఫోను చేస్తారు, అందరూ పెద్ద సెంటరుకి పోతారు. ఆ స్తంభానికి అంటించిన కాగితం చదివినవాళ్ళు లేరు."

వెళ్ళి చూసింది. కాగితం సగం చిరిగి, మిగతా సగం మీద ఎవరో గది అద్దెకిస్తామని ఇంకో కాగితం అంటించారు. ఆ పైకాగితాన్ని గోటితో గీకి తీసింది. కింద నాలుగు సెంటర్ల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. ఇక్కడ కాకపోతే అక్కడ చేయించుకోండి, ఎక్కడైనా ఫీజు ఒకటే అని రాసి ఉంది. మూడో చిరునామా చదివి ఆగింది. మళ్ళీ చదివింది.

"ఇది మా ఫ్యాక్టరీ వెనక సందు."

"మరి దగ్గరే కదా."

"రోజూ ఆ సందు ముందునుంచే పోతాను తాతా. రేకుల షెడ్డొకటి ఉంది, నీలం గేటు. ఐసు గోడౌను అనుకున్నాను."

"నువ్వు అనుకున్నావు. నీ ఓనరుకి తెలుసు" అన్నాడు ముసలాయన. "ఓనర్లకి ఎప్పుడూ దూరం సెంటరే దగ్గరమ్మా. అక్కడైతే బండి చూడకుండా పాసు చేసేవాడు ఒకడుంటాడు."

వ్యానక్క బండి తిప్పింది.

ఆ రోజు బండి నడుస్తున్న తీరు వేరుగా ఉంది. దానికి కారణం ఆమెకు తెలుసు. ఓనరుకు ఏడు వ్యాన్లు. ఏడూ ఒకే రకం, ఒకే వయసు. ఏడింటికీ కలిపి మంచి టైర్ల సెట్టు ఒక్కటే ఉంది. షెడ్డులో దూలానికి తాడుతో వేలాడదీసి ఉంటుంది. వాటితోపాటు ఒక గోనెసంచిలో కొత్త బ్రేకు లైనింగులు, రెండు ముందు దీపాలు, మంటలార్పే ఎర్రసిలిండరు ఒకటి. ఏ వ్యానుకు పరీక్ష వస్తే ఆ రోజు పొద్దున ఇవన్నీ దానికి తగిలిస్తారు. పాసు కాగితం చేతికొచ్చిన గంటలో అన్నీ విప్పి మళ్ళీ దూలానికి కడతారు. డ్రైవర్లు వాటికి పెళ్ళి టైర్లని పేరు పెట్టారు. ఆ రోజు ఆ వ్యాను పెళ్ళికూతురు. దాని డ్రైవరు అందరికీ టీ పోయించాలి. అద్దెనగలు పెట్టుకుని పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురిలా వ్యాను ఒక్కపూట మెరిసి, మర్నాటి నుంచి మళ్ళీ బోడి టైర్ల మీద, అరిగిన బ్రేకుల మీద జనాన్ని మోస్తుంది.

ఇదేమీ రహస్యం కాదు. డ్రైవర్లకు తెలుసు, మెకానిక్కు తెలుసు, వ్యానెక్కే ఆడవాళ్ళకు తెలుసు. తెలిసీ నవ్వుకుంటారు. నవ్వుకోవడం అలవాటైపోతే ప్రాణం మీదికొచ్చే సంగతి కూడా వేళాకోళంగానే కనిపిస్తుంది. కిందటేడు వానల్లో, పెళ్ళి టైర్లు విప్పేసిన కొన్నాళ్ళకే, ఫ్యాక్టరీ దిగుడులో ఈ వ్యానే జారి అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది. అందరూ పిన్ని అని పిలిచే పెద్దావిడ మోచెయ్యి విరిగింది. వైద్యానికి డబ్బులు అడగబోతే ఓనరు పాసు కాగితం తీసి చూపించాడు. బండి శుభ్రంగా పాసైంది, తప్పంతా వానది, కాకపోతే డ్రైవరుది అన్నాడు. పిన్ని చెయ్యి ఇప్పటికీ పూర్తిగా సాగదు. పెట్టెకింత అని కూలి ఇచ్చే చోట ఒక చెయ్యి సగమే పనిచేస్తే ఇంటికొచ్చేదీ సగమే.

*

నీలం గేటు తెరిచే ఉంది. లోపల రేకుల కింద పొడుగ్గా ఒక గొయ్యి, దాని పక్కన నేలలోకి దించిన జంట రోలర్లు, గోడకు పెద్ద ముల్లు ఉన్న గడియారంలాంటి యంత్రం. చొక్కా మోచేతుల దాకా మడిచిన ఆఫీసరు టార్చిలైటుతో ఏదో బండి కిందనుంచి పైకొచ్చాడు. ఒంటినిండా మసి.

వ్యానక్క అలవాటు ప్రకారం ఫీజు నోట్ల కింద ఇంకో నోటు మడిచిపెట్టి అందించింది. ఆయన ఆ మడతనోటు వేరుచేసి వెనక్కిచ్చాడు.

"దీంతో టీ తాగి రామ్మా. నీ ముందు ఇంకా రెండు బండ్లున్నాయి."

ఆమెకు సిగ్గేసింది. టీకి వెళ్ళలేదు. పక్కన అద్దాల గది ఒకటి కనిపించింది. నాలుగు బెంచీలు, వాటి నిండా దుమ్ము. తలుపు మీద రాసి ఉంది: బండిలో ప్రయాణం చేసేవారు ఎవరైనా ఇక్కడినుంచి పరీక్ష చూడవచ్చు.

"ఎవరైనా వస్తారా సార్, చూడ్డానికి?"

"రెండేళ్ళయింది ఈ గది కట్టి. ఒక పిల్లి వస్తుంది. రోజూ వస్తుంది."

వ్యానక్క వంతు వచ్చింది. దీపాలు వేయించాడు, ఆర్పించాడు. హారను కొట్టించాడు. వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకుంటుందో లేదో తనే ఎక్కి తోసి చూశాడు. స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతుందో పట్టి చూశాడు. టైర్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. తర్వాత ముందు చక్రాలు రోలర్ల మీదికి ఎక్కించమన్నాడు. రోలర్లు తిరిగాయి. వ్యాను ఉన్నచోటే ఉండి చక్రాలు మాత్రం పరుగెత్తాయి.

"బ్రేకు."

ఆమె తొక్కింది. తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, మళ్ళీ వదిలి, మూడోసారి అదిమిపెట్టింది.

"ఎందుకమ్మా అన్నిసార్లు? ఒక్కసారి చాలు."

ఈసారి ఒక్కసారే తొక్కింది. వ్యాను ముక్కు కిందికి వంచి కట్టేసినట్టు ఆగిపోయింది. ఆమె ఛాతీ స్టీరింగుకు తగిలింది. గోడమీద ముల్లు సర్రున లేచి నిలబడింది. కాలు బ్రేకు మీద అలాగే పెట్టి వ్యానక్క కదలకుండా కూర్చుంది. తాళం పడ్డ ఆ సెంటరులో ఏనాడూ రోలర్లు ఎక్కించలేదు. ఈ వ్యాను ఇలా ఆగగలదని ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ ఎక్కడ ఆగాలంటే అక్కడికి ఒక కరెంటు స్తంభం దూరం ముందునుంచే బ్రేకు కొట్టుకుంటూ వచ్చింది. కొడితేగాని పడదని కాలికి పాఠం వచ్చేసింది. అదే బండి నడపడం అనుకుంది.

ఆఫీసరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"బండి పాసైందమ్మా. నీ కాలు మాత్రం వేరే బండి నడుపుతోంది."

ఆమె ముందుకే చూస్తూ కూర్చుంది.

"నాకు చూపించిన బండికే నేను కాగితం ఇవ్వగలను. గేటు దాటాక దాని కాళ్ళు ఎవరైనా మారిస్తే నేనేం చెయ్యను?"

"ఫెయిలైతే ఏం చేస్తారు సార్? డ్రైవర్ని పట్టుకుంటారంట. బండి లాక్కుంటారంట."

"ఎవరు చెప్పారు?"

"ఓనరు."

"ఎవర్నీ పట్టుకోరు. ఏం బాగాలేదో రాసిస్తాం. బాగు చేయించి మళ్ళీ తేవాలి. అందాకా మనుషుల్ని ఎక్కించకూడదు. అంతే."

"అంతేనా?"

"అంతే. బాధ ఎవరికంటే, బాగు చేయించాల్సినవాడికి."

*

షెడ్డులో అప్పటికే జాకీ సిద్ధంగా ఉంది. ఏడుగురు డ్రైవర్లలో పెద్దాయన, చిన్నా పెద్దా అంతా బాబాయ్ అని పిలిచేవాడు, తన వ్యాను తెచ్చి పక్కనే వంతులో పెట్టి దాని బంపరు మీద కూర్చున్నాడు. రేపు పరీక్ష ఆయన బండికి.

"ఏమ్మా పెళ్ళికూతురా, పెళ్ళయిందా?"

"అయింది బాబాయ్."

"మొగుడు బాగున్నాడా?"

"మొహాన మసి ఉంది గానీ మనిషి మంచోడే."

"అయితే ఇంకేం, నగలు విప్పు. రేపు నా ముసల్దాన్ని పీటలెక్కించాలి. టీ ఏదీ?"

తమ్ముడు అప్పటికే జాకీ పెట్టి వ్యాను ముందుభాగం లేపాడు. పానా తీసుకుని మొదటి నట్టుకు తగిలించాడు. వ్యానక్క వచ్చి ఆ చక్రం మీద చెయ్యి వేసింది.

"దించెయ్యి."

"ఏంటక్కా?"

"జాకీ దించెయ్యి. విప్పొద్దు."

"ఎండదెబ్బ తగిలిందా?"

"ఇవాళ ఎండెక్కడిదిరా."

తమ్ముడు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "అక్కా, ఇవి విప్పకపోతే ఓనరు నా చొక్కా విప్పుతాడు. నీకు తెలీదా."

"ఒక్కసారి కొడితే ఆగిందిరా బండి. ఒక్కసారి. ఆరేళ్ళ నుంచి నేను బండి నడపట్లేదు, దాన్ని బతిమాలుతున్నా. దిగుడు వచ్చినప్పుడల్లా వెనక వాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే నా ప్రాణం కాల్లోకి వస్తుంది. ఇక నా వల్ల కాదు. ఇందాక ఏ టైర్లకి పాసు ఇచ్చారో ఆ టైర్ల మీదే ఎక్కించుకుంటాను వాళ్ళని."

బాబాయ్ బంపరు దిగాడు. ఆయన గొంతులో వేళాకోళం పోయింది.

"చెప్పడానికి బాగుందమ్మా. నువ్వు తొడుక్కుని కూర్చుంటే రేపు నా సంగతేంటి? ఫెయిలైతే బండి నిలబడుద్ది. బండి నిలబడితే నా ఇంట్లో పొయ్యి ఆరుద్ది. నీ ఒక్కదాని కాలు బాగుంటే సరిపోయిందా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. ఓనర్ల తెలివంతా ఇక్కడే ఉంది. ఏడు బండ్లకు ఒక్క సెట్టు పెడితే ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు, ఏడుగురు డ్రైవర్లూ ఒకడి మంచికి ఇంకొకడు అడ్డం అవుతారు. కొట్టుకోవలసింది ఎవరితోనో మర్చిపోయి పక్కవాడి చక్రాల వంక చూస్తారు. నాలుగు టైర్ల ఖరీదు వ్యానక్క రెండు నెలల జీతం. ఓనరుకు అది ఒక్క వారం రాబడి కూడా కాదు.

"నిజమే బాబాయ్" అంది చివరికి. "రేపు నీ బండి ఫెయిలవుద్ది. అవ్వనీ అనడానికి నాకు నోరు రావట్లేదు. కానీ ఫెయిలైతే ఏం చేస్తారో అడిగాను. నిన్నేం చెయ్యరు. టైర్లు వేసుకు రమ్మంటారు, ఓనర్ని."

"ఓనరు వేస్తాడా?"

"వెయ్యక బండిని ఏం చేసుకుంటాడు? కోళ్ళగూడు పెడతాడా?"

బాబాయ్ మొహం మీద ఏదో కదిలింది. నవ్వో కాదో తెలిసేలోపే ఓనరు కారు షెడ్డు ముందు ఆగింది. తమ్ముడు పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఓనరు చెడ్డగా అరిచే మనిషి కాదు. చొక్కా జేబులో కళ్ళజోడు సర్దుకుంటూ మెల్లగా మాట్లాడతాడు. అందుకే అతని ముందు గొంతెత్తినవాళ్ళే తప్పుచేసినట్టు కనిపిస్తారు.

"పాసైందట కదా. మరి ఇంకా విప్పలేదేం?"

"విప్పొద్దన్నాను సార్" అంది వ్యానక్క.

"ఎందుకమ్మా?"

"బ్రేకు పడుతోంది."

"మొన్నటిదాకా పడలేదా? ఎవరైనా చచ్చారా?"

"పిన్ని చెయ్యి విరిగింది."

"అది వాన."

"పాసు కాగితం వానకి కూడా చూపించాల్సింది సార్."

తమ్ముడికి పొలమారింది. ఓనరు అతని వంక చూశాడు, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఏడు బండ్లకి టైర్లు కొనాలంటే నేను అడుక్కుతినాలి."

"మీ కారుకి పోయిన నెలే మార్చాంగా సార్, నాలుగూ" అన్నాడు తమ్ముడు. అనాలని అన్నది కాదు. నోట్లోంచి జారిపోయింది. జారాక వెనక్కి తీసుకోలేదు.

ఓనరు ఇంకా మెల్లగా మాట్లాడాడు. అతనికి కోపం వస్తే గొంతు అలాగే తగ్గుతుంది. "సరే. టైర్లు నావి, బండి నాది. రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదమ్మా." తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు పానా పట్టు. విప్పు." తర్వాత బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడు. "చూశావా పెద్దాయనా? రేపు నీ బండి ఫెయిలైతే నా తప్పేం లేదు. ఈమె వల్లే."

బాబాయ్ ఆ చేతి వంక చూశాడు. భుజం పక్కకి తీసుకున్నాడు. తమ్ముడి దగ్గరికి నడిచి అతని చేతిలో పానా అందుకున్నాడు. విప్పుతాడేమో అనుకుంది వ్యానక్క. ఆయన దాన్ని తీసుకెళ్ళి సామాన్ల పెట్టెలో వేసి మూత వేశాడు.

"ఈమె వల్ల కాదు సార్. టైర్లు లేక."

తమ్ముడు వంగి జాకీ దించాడు. చక్రం నేలకు ఆనింది. ఫ్యాక్టరీ వదిలే వేళయింది. వ్యానక్క ఎక్కి కూర్చుని ఇంజను లేపింది. ఓనరు బండికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒక నిమిషం అలాగే నిలబడి, తర్వాత ఫోను తీసుకుంటూ పక్కకు జరిగాడు.

*

"ఇవాళ కుదుపు లేదేంటే? దీనికేం తినిపించావు?" అంది ఒకామె ఎక్కిన కాసేపటికి.

వ్యానక్క చెప్పింది. తాళం దగ్గర్నుంచి షెడ్డు దాకా చెప్పింది. రేపట్నుంచి తన పనికి దిక్కులేదనీ చెప్పింది. పిన్ని ఎప్పుడూ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంటుంది, వంగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"అయితే ఆ సెంటరు మన ఫ్యాక్టరీ వెనకేనా?"

"వెనకే పిన్నీ. మీరు మధ్యాహ్నం డబ్బాలు కడుక్కునే గోడ లేదూ, దానికి అవతల."

"ఓసి నీ. నేను రోజూ ఎంగిలినీళ్ళు పోసేది అక్కడే. చూడొచ్చన్నావా, మేము?"

"అద్దాల గది కట్టారు. మీకోసమే. రెండేళ్ళుగా పిల్లి తప్ప ఎవరూ రాలేదంట."

"మన బండి సంగతి పిల్లికి తెలిసింది గానీ మనకి తెలీలేదన్నమాట" అంది పిన్ని. కొంతమంది నవ్వారు. ఆమె నవ్వలేదు. "రేపు పరీక్ష పెద్దాయన బండికా? షిఫ్టుకు ముందే కదా తెరిచేది. నేనొస్తాను. నా చెయ్యి విరిచిన జాతి టైర్ల మొహం నేనూ ఒకసారి చూడాలి. ఇంకెవరొస్తారో చెప్పండి. రానివాళ్ళు రాకండి, మళ్ళీ నన్నడగొద్దు ఏం జరిగిందని."

"షిఫ్టుకి ఆలస్యమైతే కూలి కోస్తారు పిన్నీ" అంది వెనకనుంచి ఒకామె.

"కొయ్యనీ. ఈ చెయ్యి వల్ల కోసినదానికంటే ఎక్కువా."

మర్నాడు తుంపర పడుతుండగా నీలం గేటు తెరిచారు. మొదటి బండి బాబాయ్‌ది. దూలం మీది నగలేవీ దానికి లేవు, అవి ఇంకా వ్యానక్క బండికే ఉన్నాయి. ఉన్న టైర్లే, ఉన్న బ్రేకులే, ఒక కన్ను గుడ్డిదైన దీపమే. వ్యానక్కతో పాటు ఆడవాళ్ళు పద్దెనిమిది మంది వచ్చారు. అద్దాల గదిలో బెంచీల దుమ్ము కొంగులతో తుడిచి కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు, మిగిలినవాళ్ళు అద్దానికి ఆనుకుని నిలబడ్డారు. పిల్లి బయటకు పోయింది. ఆఫీసరు వాళ్ళ వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా చొక్కా చేతులు ఇంకో మడత వేశాడు.

"ఉన్నది ఉన్నట్టే చూడండి సార్" అన్నాడు బాబాయ్.

రోలర్లు తిరిగాయి. ఆయన బ్రేకు తొక్కాడు. గోడమీద ముల్లు కొంచెం లేచి, ఆలోచించుకున్నట్టు ఆగి, వాలిపోయింది. కుడి చక్రం పట్టింది, ఎడమది తిరుగుతూనే ఉంది. ఆఫీసరు ఆ ఎడమ టైరు పక్కన కూర్చుని వేలు పెట్టి తడిమాడు. రబ్బరు పోయి లోపలి తీగ పైకి వచ్చింది. ఆయన అద్దం వైపు తిరిగి, వాళ్ళకు కనబడేట్టు ఆ తీగను టార్చితో చూపించాడు. పిన్ని మొహం అద్దానికి ఇంకా దగ్గరగా వచ్చింది.

గోడ అవతల ఫ్యాక్టరీ గంట మోగింది. ఆగి ఇంకోసారి మోగింది. గదిలోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

ఓనరు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆఫీసరు లోపాలన్నీ రాసిన కాగితం ఇచ్చాడు. ఓనరు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. అద్దాల గది చూశాడు. గొంతు బాగా తగ్గింది.

"సరే. సంబరం అయిపోయింది కదా. బండి షెడ్డుకి తోలు."

"నేను తోలను సార్" అన్నాడు బాబాయ్. తాళంచెవి తీసి బానెట్టు మీద పెట్టాడు. "ఆ ముల్లు చూడకముందు తోలాను. చూశాక తోలలేను."

"మనుషుల్ని ఎక్కించకుండా తిన్నగా రిపేరుకి తీసుకెళ్ళొచ్చు. మెల్లగా" అన్నాడు ఆఫీసరు, నేల వైపు చూస్తూ.

తుంపర పెద్దదైంది. రేకుల మీద చప్పుడు మొదలైంది. గేటు దాటితే సందు, సందు దాటితే దిగుడు, దిగుడు చివర గోడ. ఓనరు ఆ దారి వంక చూసి, పక్కన నిలబడ్డ వ్యానక్క వైపు తిరిగాడు.

"నువ్వు తోలమ్మా. నిన్నటిది నేను మర్చిపోతాను. సాయంత్రం నీ ట్రిప్పు నీకుంటుంది. నీ తమ్ముడి పనీ ఉంటుంది. తీసుకెళ్ళి షెడ్డులో పెట్టు, అంతే. ఖాళీ బండే కదా."

వ్యానక్క బానెట్టు మీది తాళంచెవి తీసుకుంది. అది వానకు తడిసింది. పైట కొంగుతో తుడిచింది. అద్దం వెనక పద్దెనిమిది మందీ ఆమె చేతినే చూస్తున్నారు. ఆమె బండి తలుపు వైపు పోలేదు. నాలుగడుగులు వేసి ఓనరు ముందుకొచ్చి అరచెయ్యి చాపింది.

"షెడ్డు ఎంతో దూరం లేదు సార్. దిగుడు దిగి మలుపు తిరిగితే వచ్చేస్తుంది. ఖాళీ బండే కదా. మీరు తోలండి."

ఓనరు తాళంచెవి వంక చూశాడు. తీగ తేలిన టైరు వంక చూశాడు. గేటు బయట నీళ్ళు దిగుడు మీదుగా పారుతున్నాయి. అతని చెయ్యి కళ్ళజోడు జేబు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వ్యానక్క చాపిన చెయ్యి చాపే ఉంది.